పదకొండో మంచం

"బాబా, ఓబులేసును ఇక్కడ ఉంచుకోలేము. టౌనులో పెద్దాసుపత్రికి పంపిద్దాం," అన్నాడు ఇలియాస్.

జలీల్ బాబా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తి శిష్యుడి పెదవి వైపు చూశారు. కింది పెదవి చిట్లి, వాచి ఉంది.

"కొట్టినాడా?"

"ఇది పోయిన వారం తగిలిన దెబ్బ బాబా. మూడు నెలలుగా ఇదే గొడవ. స్నానం అంటే చాలు, అరుస్తాడు, చెంబు విసిరేస్తాడు."

పెన్నా ఒడ్డున ఎర్రగుట్ట అనే ఊళ్లో, సూఫీ గురువు జలీల్ బాబా ఉండే చోటును ఆనుకుని ఒక పొడుగాటి హాలు ఉంది. అందులో పదకొండు మంచాలు. నా అన్నవాళ్లు లేని ముసలివాళ్లు ఎవరొచ్చినా, ఏ మతం వాళ్లయినా, అందులో ఒక మంచం దొరికేది. వాళ్లను చూసుకునేది ఇలియాస్.

అంతకుముందు అతను కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదేళ్లు వార్డుబాయ్‌గా చేశాడు. తల్లి పోయాక ఆ పని మీద మనసు విరిగింది. పక్కలు మారుస్తున్నాడు, మందులు అందిస్తున్నాడు, ఎందుకు చేస్తున్నాడో మాత్రం తెలియడం లేదు. ఎవరో చెబితే బాబా దగ్గరికి వచ్చి, "నాకు ఏదైనా దారి చూపించండి," అని అడిగాడు. ధ్యానమో, జపమో నేర్పుతారనుకున్నాడు. బాబా హాలు వైపు చూపించి, "అక్కడ ఒక మనిషి అవసరం," అన్నారు.

వదిలి వచ్చిన పనే మళ్లీ చేతికొచ్చింది. అయినా ఇలియాస్ ఎదురు చెప్పలేదు. రెండేళ్లలో హాలు రూపురేఖలు మార్చేశాడు. రోజు విడిచి రోజు దుప్పట్లు ఉతికించాడు. ఎవరికి ఏ మందు ఎప్పుడివ్వాలో ఫైలు పెట్టాడు. ఒక్కరి వీపున కూడా పడక పుండు లేకుండా చేశాడు. చూడవచ్చిన డాక్టరు ఒకాయన, "ఇంత శుభ్రం పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా చూడలేదు," అన్నాడు. ఆ మాట ఇలియాస్ చాలామందికి చెప్పుకున్నాడు. పొద్దున ఐదుకు మొదలుపెడితే ఏడున్నరకల్లా పదకొండు మందికీ స్నానాలు అయిపోవాలి. అది అతని లెక్క.

ఆ లెక్కకు అడ్డం పడింది మూడు నెలల కింద వచ్చిన ఓబులేసు ఒక్కడే. డెబ్భై ఐదేళ్ల మనిషి. బండల గనిలో పనిచేసినవాడు. పక్షవాతం వచ్చి మాట పోయింది, ఎడం చెయ్యి, ఎడం కాలు పట్టు తప్పాయి. కుడి చేతిలో మాత్రం గనిలో సుత్తి పట్టిన బలం ఇంకా ఉంది. అతనిది పదకొండో మంచం, చివర గోడ పక్కన.

"ఇప్పుడు కొట్టడం లేదా?" అని అడిగారు బాబా.

"లేదు బాబా. వారం నుంచి స్నానమప్పుడు చేతులు కడుతున్నా. మెత్తటి గుడ్డతోనే. నొప్పి తెలీకుండా."

"అప్పుడు ఊరికే ఉంటున్నాడా?"

"ఉంటున్నాడు."

"మరి ఆసుపత్రికి ఎందుకు?"

"నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు బాబా. హుసేనమ్మ జావ పట్టుకెళ్తే నోరు తెరవడం లేదు. ఇట్లాగే ఉంటే ఎక్కువ రోజులు బతకడు."

బాబా మిగిలిన చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం పూర్తి చేశారు. పళ్లెం వంటింట్లో ఇచ్చి వచ్చారు.

"నాకూ డెబ్భై దాటినాయి కదా. రేపు పొద్దున నాకు నువ్వే స్నానం చేయించు," అన్నారు. "ఓబులేసుకు ఎట్లా చేయిస్తావో అట్లాగే. తేడా వద్దు."

మర్నాడు ఇలియాస్ ఇంకా ముందే లేచాడు. కాగు తోమి కొత్త నీళ్లు పెట్టాడు. నాలుగు వేపాకులు వేశాడు. నీళ్లు కాగాక బకెట్లో చన్నీళ్లతో తొలిపి, మణికట్టు మీద పోసుకుని చూశాడు. మళ్లీ కొంచెం చన్నీళ్లు కలిపి, మళ్లీ చూశాడు. హాలు వెనక స్నానాల బండ మీద కుర్చీ వేసి, బాబాను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. నడుముకు తువ్వాలు చుట్టాడు.

"బాబా, కాళ్ల మీద పోస్తున్నా. వేడి సరిపోయిందా?"

"సరిపోయింది."

"వీపు రుద్దనా?"

"రుద్దు."

"ఇప్పుడు తల మీద పోస్తా. కళ్లు మూసుకోండి, సబ్బు పడుతుంది."

బాబా కళ్లు మూసుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాచి, మణికట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనించి పట్టుకున్నారు.

"కట్టడం మరిచిపోయినావు," అన్నారు.

ఇలియాస్ చేతిలో చెంబు అట్లాగే ఉండిపోయింది.

"మిమ్మల్ని ఎట్లా కడతాను బాబా?"

"ఎందుకు కట్టకూడదు?"

బాబా చేతులు దించలేదు. ముసలి చేతులు. కాసేపటికి వణకడం మొదలుపెట్టాయి. ఇలియాస్ చెంబు కింద పెట్టి, ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుని మెల్లగా దించాడు. తడి బండ మీదే కూలబడ్డాడు. చాలాసేపు తల ఎత్తలేకపోయాడు.

"నీళ్లు పోయ్. చల్లారిపోతాండాయి," అన్నారు బాబా.

అతను లేచి పోశాడు. "ఇప్పుడు భుజాల మీద," అన్నాడు. "ఇప్పుడు తుడుస్తున్నా," అన్నాడు. తన గొంతు తనకే వినిపిస్తూ ఉంది. ఓబులేసుకు ఈ మూడు నెలల్లో ఇట్లా ఒక్క మాట చెప్పలేదు. పిలిచినా తిరిగి చూడడు, ఎట్లాగూ వినపడదు కదా అనుకున్నాడు. వెనక నిలబడి, ఉన్నట్టుండి తల మీద కుమ్మరించేవాడు. అది కూడా పదిమంది స్నానాలు అయ్యాక అడుగున మిగిలిన చల్లటి నీళ్లు.

హాల్లోకి వెళ్లేసరికి పదకొండో మంచం దగ్గర హుసేనమ్మ జావ గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. వంట ఆమెదే.

"అక్కా, ఈయనకు అసలేమీ వినపడదా?" అని అడిగాడు.

"ఎడం చెవి పూర్తిగా పోయింది. గనిలో మందు పేలి. కుడి పక్కన కూర్చుని గట్టిగా చెబితే వినపడుతుందప్పా."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు కదా. ఎప్పుడు చూసినా పరుగుల మీద ఉంటావు."

ఓబులేసుకు కుడి పక్కన గోడ. ఆ పక్కకు మనిషి వెళ్లే సందే లేదు. ఇలియాస్ మంచాన్ని మెల్లగా ముందుకు జరిపాడు. గోడకూ మంచానికీ మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"పెద్దాయనా, నేను ఇలియాస్‌ను."

ఓబులేసు కళ్లు అతని వైపు తిరిగాయి.

"నీ చేతులు కట్టినాను. అది తప్పు. ఇంకెప్పుడూ కట్టను."

ఓబులేసు చాలాసేపు చూశాడు. తర్వాత మొహం అవతలికి తిప్పుకున్నాడు. ఆ రోజు కూడా ఏమీ తినలేదు.

మర్నాడు ఇలియాస్ స్నానాలు పదకొండో మంచం నుంచి మొదలుపెట్టాడు. మొదటి వేడి నీళ్లు. కుడి పక్కన, కనిపించేటట్టు నిలబడ్డాడు. "కాళ్ల మీద పోస్తా," అని చెప్పి పోశాడు. మణికట్టు తాకగానే ఓబులేసు ఒళ్లంతా బిగుసుకుంది. ఇలియాస్ చెయ్యి తీసేసి ఆగాడు. బిగువు సడలేదాకా ఆగాడు.

"ఇప్పుడు తల మీద పోస్తా. వద్దంటే చెయ్యి ఎత్తు."

ఓబులేసు చెయ్యి ఎత్తాడు.

"సరే," అని ఇలియాస్ చెంబు పక్కన పెట్టేశాడు. ఆ రోజు తలకు నీళ్లు పోయలేదు. ఒళ్లు మాత్రం తుడిచి తీసుకొచ్చి పడుకోబెట్టాడు.

మధ్యాహ్నం హుసేనమ్మ వంటింట్లోంచి చెయ్యి ఊపి పిలిచింది. గిన్నె చూపించింది. జావ సగం అయిపోయి ఉంది. ఇలియాస్ ఆ గిన్నెను తీసుకుని అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. వంటింటి గోడకు ఆనుకుని, లోపల్లోపలే అల్లాకు దండం పెట్టుకున్నాడు.

ఐదో రోజు ఓబులేసు తనే చెంబు ముందు తల వంచాడు.

ఇప్పుడు స్నానాలు తొమ్మిదిన్నర దాకా సాగుతున్నాయి. ఇలియాస్ ప్రతి మంచం దగ్గరా ఆగుతున్నాడు, అడుగుతున్నాడు, చెప్పి చేస్తున్నాడు. మూడో మంచం మీది తాత పేరు ఫకీరప్ప అని రెండేళ్లుగా ఫైలులో రాస్తూనే ఉన్నాడు. ఆ పేరు పెట్టి పిలిచింది మాత్రం ఆ వారమే. ఫకీరప్ప పలికిన తీరు చూసి, ఇన్నాళ్లూ ఎందుకు పిలవలేదా అనిపించింది. ఏడో మంచం మీది సుబ్బరాయుడుకు స్నానం పొద్దున కన్నా ఎండెక్కాక ఇష్టమట. అడిగాక తెలిసింది. అతని వంతు చివరికి మార్చాడు. సాయంత్రానికి నడుము పట్టేసేది. అయినా పడుకోబోతూ రేపు ఎప్పుడు తెల్లవారుతుందా అనుకునేవాడు. అట్లాంటి రోజులు అతనికి కర్నూలులో ఒక్కటి కూడా లేవు.

నెల గడిచింది. ఒక పొద్దున స్నానం అయ్యాక ఇలియాస్ తువ్వాలు తీశాడు. ఓబులేసు కుడి చెయ్యి చాచి దాన్ని లాక్కున్నాడు. తనే తుడుచుకుంటాడు కాబోలు అనుకుని ఇలియాస్ వదిలేశాడు.

ఓబులేసు తువ్వాలుతో ఇలియాస్ చెయ్యి పట్టుకున్నాడు. మోచేతి దాకా కారుతున్న నీళ్లను మెల్లగా పైనుంచి కిందికి తుడిచాడు. వేళ్ల సందుల్లో కూడా తుడిచాడు. ఆ చెయ్యి అయ్యాక రెండోది ఇమ్మన్నట్టు చూశాడు. ఇలియాస్ ఇచ్చాడు. అదీ అట్లాగే తుడిచి, తువ్వాలు తిరిగి అతని భుజం మీద వేశాడు.

ఇలియాస్‌కు ఓబులేసును మంచం మీదికి ఎట్లా చేర్చాడో కూడా గుర్తు లేదు. నేరుగా వరండాలోకి వచ్చాడు. బాబా ఎండలో కూర్చుని ఉన్నారు.

"బాబా, ఇవాళ ఓబులేసు నా చేతులు తుడిచినాడు."

బాబా అతని చేతుల వైపు చూశారు.

"శుక్రియా చెప్పినావా?"

"చెప్పాలనుకున్నా బాబా. గొంతు పెగల్లేదు."

"పర్లేదు," అన్నారు బాబా. "ఆయనకు వినపడే ఉంటుంది."