మడ్డినీళ్ళ బకెట్టు

పొద్దున్నే కాశింబీ అద్దాలతొట్టిలోంచి ఇంకో రొయ్యని చెంచాతో తీసింది. నిన్న నెత్తురుచుక్కలా ఎర్రగా తిరిగింది. ఇప్పుడు ఉడికినదానిలా పాలిపోయి, కాళ్ళు పైకి పెట్టి ఉంది. దాన్ని పూలకుండీలో మట్టి కింద పెట్టింది. అక్కడ అప్పటికే చాలా ఉన్నాయి.

ఆ తొట్టి ఆమె తమ్ముడు మౌలాలిది. మౌలాలి లేడు. మిర్చి లారీ మీద టిక్కీ బస్తాలు సర్దుతూ జారిపడ్డాడు. అంతే, పోయాడు.

గోరంత రొయ్యల్ని తెచ్చి పెంచుకునే పిచ్చి వాడిది. ఇంట్లో పెట్టనిచ్చింది కాదు కాశింబీ. "వేపుడుకి రావు, పులుసుకి రావు. వీటికి మళ్ళీ గాలి మోటారొకటా? పోయి ఆ ముసలాయన వసారాలో పెట్టుకో" అని తరిమింది. పెట్టుకున్నాడు.

ఆ ముసలాయన దస్తగిరి సాహెబు. ఒకప్పుడు పరుపులకి దూది ఏకేవాడు. ఇప్పుడు వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని అల్లా పేరు తలుచుకోవడమే పని. మంత్రించడు, తాయెత్తు కట్టడు. కాబట్టి జనం విరగబడి వచ్చేదీ లేదు.

తమ్ముడు పోయాక తొట్టి చూసుకునే వంకతో వచ్చి, కాశింబీ ఆయనకి శిష్యురాలైంది. శిష్యురాలంటే సగమే. గురువు చేతిలో చెయ్యి వేసి మాటివ్వాలి, అప్పుడు లెక్క. ఆ చెయ్యే ఆయన ఇవ్వడంలేదు.

"నాలో ఇప్పుడేం లేదు తాతా" అనేది ఆమె. "వాడి దుప్పట్లు, చొక్కాలు అన్నీ ఉడకేసి ఉతికి, వాడి పేరున చేసిన ఫాతెహా నాడే పంచేశా. వాడి గది ఫినాయిలేసి కడిగా. ఒక్క చుక్క కన్నీళ్ళు పెట్టలా. మనసు అద్దంలా ఉంది. ఇంకా ఏం కడగమంటారు?"

"ఉండమ్మా" అనేవాడాయన.

ఉండటం కాశింబీ వల్ల కాని పని. శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళినప్పుడు తొట్టి మీద పడింది. లోపల రెండు నల్ల స్పాంజీలు. మోటారు గాలి కొడుతుంటే నీళ్ళు వాటిగుండా వడకట్టుకుంటూ పోతాయి. ఒకదాన్ని పీకి చూస్తే జిగురు, మడ్డి. కొళాయి కింద పెట్టి, సబ్బు రుద్ది, పిండి, మళ్ళీ రుద్ది, నురుగు తెల్లగా వచ్చేదాకా ఉతికింది. మడ్డినీళ్ళు మోరీలో గుమ్మరించింది. తళతళలాడే స్పాంజిని లోపల పెట్టి, చేతులు నడుం మీద వేసుకుని, ఇన్నాళ్ళకి ఈ తొట్టికి ఒక దిక్కొచ్చింది అనుకుంది.

మర్నాటి నుంచి చావులు మొదలు.

ఇవాళ ఆ కుండీ దగ్గర్నుంచి లేచి చేతులు దులుపుకుని, నేరుగా రెండో స్పాంజి మీదికి వెళ్ళింది.

ముసలాయన వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తన్నావమ్మా?"

"ఆ మురికంతా దీంట్లోనే మిగిలింది తాతా. అదే చంపుతోంది వాటిని. దీన్ని కూడా కడిగేస్తే ఆగుతాయి."

"మొదటిది కడిగేటప్పుడు నన్నడిగావా?"

"అడిగితే మాత్రం చెప్పేవాళ్ళా? ఉండమ్మా అనేవాళ్ళు."

ఆయన నవ్వలేదు. "ముందు ప్లగ్గు పీకు" అన్నాడు.

కాశింబీ పీకింది. బుడగలు ఆగిపోయి వసారా నిశ్శబ్దమైపోయింది.

"బకెట్లో తొట్టినీళ్ళే ముంచు. కొళాయివి వద్దు. ఆ నీళ్ళు బ్లీచింగు వాసన రావట్లా?"

ముంచింది. ఆయన చొక్కా చేతులు మడిచి, స్పాంజి కింద ఒక గిన్నె పెట్టి, గిన్నెతో సహా పైకెత్తాడు. బకెట్లో ముంచి, పసిపిల్ల చెంపలు నొక్కినట్టు నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. నీళ్ళు చిక్కటి టీలా అయ్యాయి. స్పాంజి మాత్రం నల్లగానే, జిగురుగానే ఉంది. అట్లాగే తీసుకెళ్ళి తొట్టిలో పెట్టేశాడు.

"అయిపోయిందా?" అంది కాశింబీ. "ఇదేం కడగటం?"

"నీ తమ్ముడు ఇట్లాగే కడిగేవాడు. రెండూ ఒకేనాడు ముట్టుకునేవాడు కాదు. ఇందులో కంటికి కనపడని పురుగులుంటయ్యంట. నీళ్ళలో విషాన్ని తినేది అయ్యేనంట. నేను అచ్చం నీలాగే అడిగితే చెప్పాడు."

కాశింబీ బకెట్టు ఎత్తింది. మోరీ వైపు తిరిగింది.

"దించు."

దించింది. ఆయన పీట లాక్కుని బకెట్టు ముందు కూర్చున్నాడు. ఆమె కూడా చేసేదేంలేక కూర్చుంది. మడ్డి నెమ్మదిగా అడుక్కి దిగింది. పైనీళ్ళు తేటపడ్డాయి.

ఆయన వేలు పెట్టి చూపించాడు.

మొదట ఏమీ కనపడలేదు ఆమెకి. తర్వాత వెంట్రుకముక్క లాంటిదేదో కదిలింది. ఇంకొకటి. కళ్ళు మాత్రమే ఉన్నట్టున్న రొయ్యపిల్లలు, మడ్డిలోంచి లేచి గిలగిల ఈదుతున్నాయి.

"స్పాంజిలో మేస్తా ఉంటయ్. ఒక్కొక్కదాన్ని చెంచాతో ఎత్తి తొట్టిలో వేసిందాకా వాడు బకెట్టు వదిలేవాడు కాదు. అన్నం చల్లారిపోయేది" అన్నాడాయన.

శుక్రవారం తను మడ్డినీళ్ళు గుమ్మరించిన మోరీ వైపు చూసింది కాశింబీ. తర్వాత బకెట్టు మీదికి వంగింది.

"తాతా, ఈ అడుగున ఉన్న మడ్డి..." అంది.

"వాడు ఉన్నప్పటిదే."

ఆమె చెంచా అందుకుంది. ఒక పిల్లని ఎత్తి తొట్టిలో వదిలింది. ఇంకొకదాన్ని ఎత్తింది. ఎండిపోయాయనుకున్న కళ్ళు ఏ హెచ్చరికా లేకుండా కారడం మొదలుపెట్టాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

పిల్లలన్నీ అయ్యాక కూడా బకెట్టు పారబొయ్యలేదు. రెండు చేతులూ మణికట్ల దాకా మడ్డిలో ముంచి కూర్చుంది. దస్తగిరి సాహెబు లేచి ప్లగ్గు పెట్టాడు. బుడగలు మళ్ళీ మొదలయ్యాయి.

"చెయ్యి కావాలన్నావుగా" అన్నాడు, తన మడ్డిచెయ్యి చాపి.

కాశింబీ తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు కాదు తాతా. కాసేపు ఉండనివ్వండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని పక్కన కూర్చున్నాడు. నమాజు పిలుపు వినిపించేదాకా ఆమె చేతులు కడుక్కోలేదు.