పుట్టింటమ్మకు ఒడి ఇసుక

కెంపుబండ గుట్ట మీది పుట్టింటమ్మకు ఒడిబియ్యం పోయరు, ఒడి ఇసుక పోస్తారు. పోసిన ఆడవాళ్ళు అక్కడే, అమ్మ ఎదుటే, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంటారు. కొత్తవాళ్ళు చూసి విస్తుపోతారు. దానికో కారణం ఉంది, నిదానంగా వినండి.

పూర్వం ఇక్కడ ఎర్ర ఇసుకరాతి గుట్ట, దాని కింద నాలుగు గుడిసెలు ఉండేవి. గుట్ట మీది అమ్మకు అప్పటికింకా పేరు లేదు. ఒక ఏడు ఊరిపెద్ద తిమ్మప్పకు అమ్మ కలలో కనబడి, "ఊళ్ళో ఆడపడుచులందరికీ సారె వస్తోంది. నా పుట్టింటి సారె వచ్చేదాకా మీ విత్తనం మొలవదు" అంది. తూర్పు కొండ కూడా ఎర్రనే కనుక అదే పుట్టిల్లనుకుని, ఊరివాళ్ళు అక్కడినుంచి మేళతాళాలతో సారె తెచ్చారు. విత్తారు. ఒక్క గింజ మొలవలేదు.

ఆ ఊళ్ళో ఓబుళమ్మ అనే ముసలామె ఉండేది. కంసాలి కొట్టాల దుమ్మును చెక్క పళ్ళెంలో కడిగి బంగారు రజను తీయడం ఆమె బతుకుతెరువు. తాను పుట్టిన ఊరేదో ఆమెకు తెలియదు.

"రంగు చూసి చుట్టరికం కలుపుతారా, పెద్దయ్యా? ఆ ఎరుపు పైన పట్టిన తుప్పు" అంది.

"పుట్టిల్లు ఎరగనిదానివి, అమ్మ పుట్టిల్లు నువ్వు చెబుతావా?"

"లేనిదానికే కదయ్యా వెతకడం అలవాటు."

గుట్టే అమ్మ కనుక, గుట్ట ఇసుక ఎక్కడినుంచి వచ్చిందో అదే అమ్మ పుట్టిల్లని, గుట్ట నుంచి రాలిన రాయిని దంచి కడిగింది. తేలిక ఇసుక నీళ్ళతో పోయింది. అడుగున తేనెరంగు రేణువులు నిలిచాయి, కొసలు అరిగిపోయి. అంటే చాలా దూరం దొర్లి వచ్చినవన్నమాట. రాతిలోని ఇసుక చారలు తూర్పుకు వాలి ఉండటం చూస్తే, ఒకప్పటి నీళ్ళు పడమటినుంచి పారాయని తెలిసింది. పడమటికి నడిచింది. వాగు వాగునా ఇసుక కడిగింది. రేణువుల కొసలు పదునెక్కేకొద్దీ ఆమె కాళ్ళు మొద్దుబారాయి. చివరికి ఒక బూడిదరంగు కొండ కింద, అరగని రేణువు పళ్ళెంలో మెరిసింది. సంతోషించే ఓపిక కూడా లేదు. పిడికెడు ఇసుక కొంగున కట్టుకుని వెనుదిరిగింది.

గుట్టకు చేరి, ఇసుక అమ్మ ఒడిలో పోసి, అక్కడే కూలబడి కాళ్ళు చాపింది.

"అమ్మ ముందు కాళ్ళా! తియ్యి!" అన్నాడు తిమ్మప్ప. ఆమె అప్పటికే నిద్రలో ఉంది. లేపుదామని పక్కనే కూర్చున్న తిమ్మప్పకూ కునుకు పట్టింది. కలలో అమ్మ, "దాన్ని లేపకు. నా పుట్టిల్లు వెతికి తెచ్చింది. ఇక దానికి ఇదే పుట్టిల్లు" అంది. కళ్ళు తెరిచేసరికి కింద చేలలో మొలక పచ్చగా కనిపించింది. తిమ్మప్ప తన కండువా మడిచి ఓబుళమ్మ మడమల కింద పెట్టాడు.

ఆ రేణువును ఇప్పుడు జిర్కాన్ అంటారు. అందులోని యురేనియం నెమ్మదిగా సీసమవుతుంది. ఎంత మారిందో కొలిస్తే రేణువు పుట్టిన కాలం తెలుస్తుంది. ఇసుకరాతిలోని రసాయనాలు ఏ జాతి రాయి అరిగి ఈ ఇసుక అయిందో చెబుతాయి. గుట్ట కన్నా దాని ఇసుకే వయసులో పెద్దది.

నేటికీ భక్తురాళ్ళు తమ వాగు ఇసుక పిడికెడు తెచ్చి అమ్మ ఒడిలో పోస్తారు. సారె తెచ్చే దిక్కు లేనివాళ్ళను ముందు వరుసలో కూర్చోబెడతారు. ఇక్కడ ఏ కోరికా కోరనక్కరలేదు. ఆఖరి మనిషి కాళ్ళు ముడుచుకుని లేచేదాకా పూజారి గుడి తలుపు వేయడు.