దాలమ్మ అడిగిన కాయితం

అనగనగా అంటే మరీ దేవతలు తిరిగిన రోజులు కాదు. తెల్లదొరలు ఏలిన రోజులు. ఏ ఏడని మాత్రం నన్నడక్కండి. చెప్పిన మా అమ్మమ్మకే తెలీదు, విన్న నాకేం తెలుస్తుంది?

దొంతికొండ అని ఒక కొండ. రాయి మీద రాయి పేర్చినట్టుంటుంది కాబట్టి ఆ పేరు. కొండ కింద గుమ్మడివలస. ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక ముసలామె ఉండేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. కొండెక్కి చీపురుగడ్డి కోసుకొచ్చి, ఎండబెట్టి, చీపుర్లు కట్టి సంతలో అమ్ముకునేది. ఇంటి వెనకాల చిలగడదుంపల మడి ఒకటి. అదే ఆమె సంపద.

ఒకరోజు అడవి దొర గుర్రమెక్కి వచ్చాడు. కొండ చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు పాతించాడు. ఊళ్ళో దండోరా వేయించాడు. ఇవాళ్టి నుంచి ఈ కొండ సర్కారుది. గడ్డి కోస్తే నేరం. కట్టె తెస్తే నేరం. మేక ఎక్కితే నేరం మేకది కాదు, మేకను కన్నబిడ్డలా పెంచినవాడిది.

జనం నవ్వారు. కొండ ఒకరిది ఎలా అవుతుందని నవ్వారు. మర్నాడు సన్యాసి అనేవాడు రెండు ఎండుపుల్లలు తెచ్చుకుంటే, అడవి జవాన్లు వాణ్ణి బండిచక్రానికి కట్టేసి కొట్టారు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఊళ్ళో పొయ్యిలు ఒక్కొక్కటీ చల్లారాయి. దాలమ్మ ఇంట్లో ఒక్క చీపురు మిగిలింది. దాన్ని అమ్ముకోనా, ఊడ్చుకోనా అని కూర్చుంది.

అలా కూర్చునుండగా కొండ మీంచి అడవిపంది దిగింది. దుంపల మడంతా కుళ్ళగించి, కడుపునిండా తిని, తీరిగ్గా కొండెక్కిపోయింది.

దాలమ్మ కర్ర పట్టుకుని ఆరు కోసులు నడిచి కచ్చేరీకి వెళ్ళింది. అక్కడ కూర్మయ్య పంతులని గుమస్తా ఉండేవాడు. దొరకు బదులు రాసేదీ, ముద్ర వేసేదీ ఆయనే. ముద్ర ఆయన దగ్గరుండేది కాబట్టి ఆయనకు మెడ కొంచెం పొడుగ్గా ఉండేది.

కొండ ఎవరిదని దాలమ్మ అడిగింది. సర్కారుదన్నాడు. అయితే మీ పంది మా దుంపలు తినీసింది, దాన్ని మీ ఇంట కట్టుకోండి బాబూ అంది. కచ్చేరీలో ఉన్నవాళ్ళంతా నోటికి ఉత్తరీయాలు అడ్డం పెట్టుకున్నారు. పంతులికి ఒళ్ళు మండింది. పందితో సర్కారుకేం సంబంధమే, పొమ్మన్నాడు.

దాలమ్మ పోలేదు. గుమ్మంలో చతికిలబడింది.

"మాటొద్దు బాబూ. రాసియ్యండి" అంది.

నేను చెబితే మా ఊరు నమ్మదు, కాయితం చెబితే నమ్ముతుంది అని కూర్చుంది. వచ్చేవాళ్ళు ఆమెను దాటలేరు, పోయేవాళ్ళు దాటలేరు. పొద్దెక్కింది, పంతులు భోజనానికి వెళ్ళాలి. విసుగెత్తి ఒక ముక్క రాశాడు. 'దొంతికొండ మీది అడవిపందులతో సర్కారువారికి ఏ సంబంధమూ లేదు.' కింద టపీమని ముద్ర కొట్టాడు. దాలమ్మ దాన్ని మడిచి రొంటిన దోపుకుంది.

వానాకాలం వచ్చింది. కొండ మీది గెడ్డ, ఆ చిన్న వాగు, పొంగింది. నీళ్ళు దాలమ్మ ఇంట్లోకొచ్చి, వెనక గోడను కూడా వెంటబెట్టుకుపోయాయి. దాలమ్మ మళ్ళీ ఆరు కోసులు నడిచింది. మీ కొండ నీళ్ళు నా గోడ పట్టుకుపోయాయి, గోడ తెచ్చియ్యండి అంది. నీళ్ళు దేవుడివి, సర్కారువి కావన్నాడు పంతులు.

"మాటొద్దు బాబూ. రాసియ్యండి."

ఈసారి పంతులు ఎక్కువ సేపు ఆగలేదు. రాశాడు, టపీమని కొట్టాడు.

వానలకు కొండ మీద మట్టి జారింది. గున్నేనుగంత బండరాయి దొర్లుకుంటూ వచ్చి ఊరి బావి మీద కూర్చుంది. బావిలో చేద పడదు, చెంబూ పడదు. దాలమ్మ మూడోసారి నడిచింది. మీ రాయి మా నీళ్ళ మీద కూర్చుంది, లేవమని చెప్పండి అంది. ఆమె రావడం చూడగానే బంట్రోతు సిరాబుడ్డి తెచ్చి పెట్టాడు. దొర్లిన రాళ్ళకూ, దొర్లబోయే రాళ్ళకూ సర్కారువారు ఏ విధంగానూ హక్కుదారులు కారని పంతులు పూర్తిగా రాశాడు. ముసలిది మళ్ళీ రాకుండా ఉంటే చాలని, అడక్కుండానే రెండు ముద్రలు కొట్టాడు.

దాలమ్మ ఇంటికొచ్చింది. కాయితాలు మూడూ కలిపి రొంటిన దోపుకుని, కొడవలి తీసుకుని, పట్టపగలు అందరూ చూస్తుండగా కొండెక్కి గడ్డి కోసింది. జవాన్లు గడ్డిమోపుతో సహా పట్టుకెళ్ళి ఠాణాలో పెట్టారు. మూడు రోజులుంది. చీకటి గది, ఎలుకలు, నేల మీద చెమ్మ. భయమేసింది. తర్వాత తనే చెప్పుకుంది, ఏడ్చాను గానీ వాళ్ళకు వినపడకుండా ఏడ్చానని.

నాలుగోనాడు దొర ముందు నిలబెట్టారు. దొర పెద్ద బల్ల వెనక ఉన్నాడు. తెలుగు నేర్చుకున్నాడు గానీ, అది ఆయన నోట్లో ఇంకా కుదురుకోలేదు.

"నువ్వు గడ్డి కోసింది?" అన్నాడు.

"కోసినాను బాబూ."

"కొండ సర్కారుది. తెలుసు?"

ఆ మాట తెలుసుకోడానికే మూడుసార్లు వచ్చాను అని దాలమ్మ మూడు కాయితాలూ బల్ల మీద పెట్టింది. చదవమని దొర పంతులికిచ్చాడు. పంతులు తన రాత తనే గుర్తుపట్టాడు. మొదటిది గట్టిగా చదివాడు. రెండోది మెల్లిగా చదివాడు. మూడోది చదివాడో లేదో ఎవరికీ వినపడలేదు. మళ్ళీ చదవమన్నాడు దొర.

అప్పుడు దాలమ్మ అడిగింది.

"పందులు మీవి కావు. నీళ్ళు మీవి కావు. రాళ్ళు మీవి కావు. మరి మీ కొండ ఎక్కడుంది బాబూ? అదేటో చూపించండి, నాను దాని జోలికి రాను."

ఆ కాయితాలు చెల్లవని దొర పంతులి మీద విరుచుకుపడబోయాడు. కానీ ఆయన తెలివైనవాడు, సగంలో ఆగాడు. ఆ కాయితాల మీద ముద్ర చూశాడు. కొండ సర్కారుదని చెప్పే హుకుం తెప్పించి చూశాడు. దాని మీదా అదే ముద్ర. ఇది చెల్లదంటే అదీ చెల్లదు. అది చెల్లుతుందంటే ఇదీ చెల్లుతుంది. దొర టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపు చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.

చివరికి, చీపురుగడ్డీ ఎండుకట్టెలూ ఊరివాళ్ళు తెచ్చుకోవచ్చు, మేకలు మేపుకోవచ్చు, ఎవరినీ కొట్టడానికి వీల్లేదు, ఇక ఇంటికి పొమ్మన్నాడు.

దాలమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. దొరకు ఆమె సంగతి తెలీదు. పంతులికి తెలుసు. చెప్పకుండానే కలం తీసి సిరాలో ముంచాడు.

కొండ మాత్రం సర్కారుదిగానే ఉండిపోయింది. సున్నం రాళ్ళూ అలాగే ఉన్నాయి. కానీ గుమ్మడివలసలో పొయ్యిలు వెలిగాయి. ఊరంతా కలిసి బావి మీది రాయిని పక్కకు నెట్టారు. అది సర్కారుది కాదని అప్పటికే రాతమూలకంగా తేలిపోయింది కాబట్టి, పగలగొట్టి దాలమ్మకు గోడ కట్టారు.

చాలా ఏళ్ళు బతికి దాలమ్మ పోయింది. కొండ మీద, గడ్డి దుబ్బుల్లో పాతిపెట్టమని చెప్పి పోయింది. నలుగురూ పాడె ఎత్తుకుని బయల్దేరితే, దారిలో కొత్త అడవి దొర గుర్రం మీద ఎదురయ్యాడు. సంగతి విని మంచిమనసుతో, సరే తీసుకెళ్ళండని చెయ్యూపాడు.

పాడె మోసేవాళ్ళు కదల్లేదు. ముందున్నవాడు సన్యాసి. వాడి వీపు మీద ఆనాటి వాతలు ఇంకా ఉన్నాయి. మెల్లగా పాడె దింపి, దాని పక్కనే నేల మీద కూర్చున్నాడు. వాడి వెనక ఊరంతా కూర్చుంది.

"మాటొద్దు బాబూ" అన్నాడు సన్యాసి. "రాసియ్యండి."

దొర గుర్రం దిగి, గుర్రం వీపు మీదే కాయితం పెట్టుకుని రాశాడంటారు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఏ అధికారి వచ్చి ఏ మాట చెప్పినా జనం అరవరు, తిట్టరు. ఎండైనా వానైనా ఉన్నచోటే చతికిలబడి చెయ్యి చాస్తారు. దాన్ని దాలమ్మ కూర్చోవడం అంటారు. కొత్త బిడ్డకు తొలిసారి కూర్చోవడం వచ్చిన రోజున, వాడి చేతిలో ఒక తెల్లకాయితం పెట్టి చూస్తారు. నలిపి నోట్లో పెట్టుకుంటే నవ్వి ఊరుకుంటారు. గట్టిగా పట్టుకుని ఎవరు లాగినా వదలకపోతే, మన దాలమ్మ మళ్ళీ వచ్చిందని ముద్దాడి ఊరంతా బెల్లం పంచుతారు.