చెంగయ్య తలపాగా

అనగనగా సముద్రం పక్కన ఒక ఉప్పు సరస్సు. దాని ఒడ్డున ఒక జాలర్ల ఊరు. సరస్సు చూడ్డానికి ఎంతో పెద్దది, లోతు మాత్రం చాలాచోట్ల నీ మోకాలి దాకానే. పెద్ద వాన పడినప్పుడల్లా అడుగున ఇసుక జరిగిపోయేది. నిన్న పడవ పోయిన చోట ఇవాళ ఇసుక మేట ఉండేది. నీళ్ళ కింద ఉంటుంది కదా, కనిపించదు. తెరచాప నిండా గాలితో వచ్చే పడవ దానిమీదికి ఎక్కిందా, అంతే.

అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి పడవ ఎక్కడ మేటకెక్కితే వాళ్ళక్కడ వెదురు గెడ పాతాలి. ఒంటిమీది బట్ట చింపి దానికి కట్టాలి. వెనక వచ్చేవాళ్ళు చూసి తప్పుకుంటారు. ఎవరి గుడ్డో కూడా ఊరందరికీ తెలిసిపోతుంది, అది వేరే సంగతి.

ఆ ఊళ్ళో చెంగయ్య అని ఒకడు. పసుపుపచ్చ తలపాగా చుట్టేవాడు. ఆ రంగు గుడ్డ ఏ గెడకీ లేదని వాడికి మహా గొప్ప. ఎవరైనా గెడ పాతొస్తే ఊరుకునేవాడు కాదు.

"ఏం ఓబులేసూ, నడి సరస్సులో పంచె ఆరేసుకొచ్చావా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

ఒకరోజు వాన వెలిశాక చెంగయ్య ఒక్కడే పడమటి దారిన వస్తున్నాడు. ఉన్నట్టుండి పడవ గర్రుమని ఆగిపోయింది. కొత్త మేట. దిగి, నెట్టి, ఎలాగో బయటపడ్డాడు. అప్పుడు గెడ తీశాడు. తలపాగా విప్పాడు. చుట్టూ చూశాడు. కొంగలు తప్ప ఎవరూ లేరు. మళ్ళీ తలపాగా చుట్టేసుకున్నాడు.

ఆ తర్వాత ఒడ్డున ఓబులేసు, "దారెట్లా ఉంది చెంగయ్యా?" అని అడిగాడు. చెంగయ్య వల దులుపుతూ వినపడనట్టు ఉండిపోయాడు.

మర్నాడు రావులమ్మ పడవ తీసింది. మొగుడు పోయాక ఆ పడవే ఆమెకి కూడు.

"పడమటి దారి బాగుందా అన్నా?" అని చెంగయ్యని అడిగింది.

"అద్దంలా ఉంది, పో."

మధ్యాహ్నానికి రావులమ్మ నీళ్ళలో నడుస్తూ, పడవను తాడుతో లాక్కుంటూ వచ్చింది. తెరచాప కొయ్య విరిగింది. అడుగు పలక పగిలింది. ఆమె నీలం చీర కొంగు సగం లేదు. గెడ పాతే వచ్చింది.

"అన్న బాగుందనే చెప్పాడు. నాకే కళ్ళు కనపడలేదు," అంది అందరితో.

జనం అలవాటుగా చెంగయ్య వైపు చూశారు, ఏదో అంటాడు, నవ్వుదామని. వాడు తల దించుకుని తన పడవ వైపు నడిచాడు.

అప్పుడేం చేశాడా? కాళ్ళు ముడుచుకో, చెబుతా.

ఆ మేట దగ్గరికి పోయాడు. నీలం గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. పీలిక కాదు, తలపాగా మొత్తం విప్పి దాని కింద కట్టాడు. ఆ తర్వాత ఒడ్డుకొచ్చి, తన పడవ తెరచాప కొయ్య ఊడదీసి, మోసుకెళ్ళి రావులమ్మ గుమ్మంలో పెట్టాడు.

"ఆ మేట ముందు నాకే తగిలింది. చెప్పలేదు."

రావులమ్మ వాడి ఉత్త తలకేసి చూసింది. "అడిగాను కదన్నా," అంది. అంతే.

మర్నాడు పొద్దున పడమటి దారిన పోయిన పడవలన్నీ ఆ పసుపు గుడ్డ చూశాయి. ఓబులేసూ చూశాడు. చెంగయ్య ఒడ్డున నిలబడి, ఎవరైనా పంచె మాట ఎత్తుతారని ఎదురుచూశాడు. ఎవరూ ఎత్తలేదు. ఒక్కరూ నవ్వలేదు.

నవ్వినా బాగుండేది అనుకున్నాడు.

పడవ వచ్చింది ఒడ్డుకి,
చాప దిగింది కిందికి,
కథ పోయింది కంచికి,
నువ్వు పోవాలి నిద్దరకి.