కొండెక్కిన అఖండదీపం

పూర్వం కృతయుగాంతంలో, తూర్పు కడలి అంచున వేలాపురిని ఏలుతూ, దానశీలి అని దిక్కులన్నిటా పేరొందిన ఊర్మిధ్వజ మహారాజు, పాశపాణి అయిన వరుణదేవుని ప్రీతికోసం సముద్రతీరాన అఖండదీపం వెలిగించి, "ఈ జ్యోతి కొండెక్కిన నాడు నా దేహాన్ని సముద్రుడికి అర్పిస్తాను" అని ప్రతిన పూనాడు. భక్తుడే, కాదనను. కానీ ఆ దీపానికి తిమింగిలాల కొవ్వు తప్ప వేరే చమురు తగదనుకున్నాడు చూడండి, అక్కడ తప్పాడు మహానుభావుడు! పర్వతాకారం గల ఆ జీవులను వేటగాళ్లు ఏళ్ల తరబడి చంపగా చంపగా, చివరికి నిండు చూలాలైన ఒక్క తిమింగిలం మిగిలింది.

ఆ సరికి సముద్రం గొడ్డుపోయింది. జాలరుల పెద్ద పోలమ్మ ఖాళీ వల తెచ్చి రాజు ముందు పరిచింది.

"సూడయ్యా దొరా! పొద్దంతా వలేసినా ఒక్క సేప పడలేదు. పిల్లలకి ఏటి పెట్టమంటావు?" అని గొల్లుమంది.

దిక్కుతోచని రాజు, తపోధనుడైన శంఖపాద మహర్షిని దీపం దగ్గరికే రప్పించి పాదాలపై పడ్డాడు. ఆ ముని అసలే ముక్కోపి.

"ఓరి రాజా! వరుణుడి బిడ్డలను కాల్చి వరుణుడికే వెలుగు చూపిస్తున్నావా? తిమింగిలం అగాధంలో మేసి, పైకొచ్చి విసర్జించేదే కడలికి ఎరువు. పేడ ఎరుగని చేను పండుతుందా? ఆ ఎరువుతో కంటికి ఆనని ప్రాణులు పెరుగుతాయి, వాటిని తిని చేపలు బతుకుతాయి, చేపల వల్ల నీ ప్రజలు బతుకుతారు. ఆ ఒక్కటీ చచ్చిందా, కడలంతా శ్మశానమే!"

అంతలో వేటగాళ్లు పరుగున వచ్చారు.

"ప్రభూ, చమురు అడుగంటింది. ఆఖరి తిమింగిలం చిక్కింది. ఆజ్ఞ ఇస్తే పొడిచేస్తాం!"

రాజు దీపం వంక చూశాడు. ఆరితే తన ప్రాణం పోతుంది, ఆరకుంటే కడలి ప్రాణం పోతుంది. "దాన్ని వదలండి!" అని గర్జించి, తన చేతులతోనే వత్తిని ఇసుకలో అదిమి, మాట తప్పని ఆ మహీపాలుడు సంధ్యాకాలపు కెరటాల్లోకి నడిచిపోయాడు. అయ్యో అంటూ జనం గుండెలు బాదుకున్నారు.

నీళ్లు తల మీదికి వచ్చిన వేళ, ఆ చూలాలే అడుగునుంచి లేచి రాజును వీపున మోసుకొచ్చింది. మకరవాహనుడైన వరుణుడు కెరటాలు చీల్చుకుని ప్రత్యక్షమయ్యాడు.

"వత్సా, నీ దేహం నాకు అందింది. దాన్ని నీకే తిరిగి ఇస్తున్నాను. వరం కోరుకో."

"స్వామీ, నాకేమీ వద్దు. ఈ తల్లి వంశం నిలవాలి. వీరి దారికి ఏ ఈటె అడ్డు రాకూడదు."

"తథాస్తు!"

ఆ క్షణమే తిమింగిలం పిల్లను ఈని, ఆనందంతో తోక ఝాడించింది. అది ఈదిన దారంతా కంటికి ఆనని ప్రాణులు కోట్లాదిగా పుట్టి, నీలికాంతులు విరజిమ్ముతూ దిగంతం దాకా పాకాయి. వాటి వెంట చేపలు గుంపులు గుంపులుగా తిరిగి వచ్చాయి. బరువెక్కిన వలను లాగలేక లాగుతూ పోలమ్మ కేక పెట్టింది.

"దొరా! నీ దీపం ఆరనేదయ్యా, కడలంతా అంటుకుంది!"

నేటికీ కొన్ని సందెవేళల్లో కెరటాలు మెరుస్తాయి. ఆ దీపానికి చమురు పోసేవారు లేరు. తిమింగిలం తిరిగినంత కాలం అది కొండెక్కదు.