కోటిలింగం అడిగిన సమానం

లాజరు మేస్త్రీకి ఒక అలవాటుంది. తన బండ్ల రిపేరు షెడ్డులో ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పడు. దగ్గర్లో ఏ బండి ఉంటే దాన్ని చూపిస్తాడు. ఆ బండి తెచ్చినవాడు ఎంత తొందరపడనీ, పాఠం అయ్యేదాకా ఆగాల్సిందే.

కోటిలింగం ఆయన దగ్గర పదకొండేళ్లుగా ఉన్నాడు. మస్తాన్ వచ్చి నాలుగేళ్లు. అయినా లారీ వెనక ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకీ ఇంజిను బలం పంచే డిఫరెన్షియల్ విప్పి, పళ్లచక్రాలు సరిగ్గా కూర్చోబెట్టే పని, షెడ్డులో అందరూ క్రౌన్ పని అనేది, మేస్త్రీ మస్తాన్‌కే ముందు నేర్పాడు. అది వచ్చినవాడే రేపు ఆ షెడ్డుకి పెద్ద. ఇక చూడండి, కోటిలింగానికి కడుపు మండిపోయింది. మస్తాన్ నవ్వినా మంటే, తుమ్మినా మంటే. అతని చేతులకేసి చూస్తూ తన చేతిలోని బోల్టు మరలు చెడగొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి మహానుభావుడికి.

ఒకరోజు పొద్దున్నే ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "ఇద్దరం మీ శిష్యులమే కదా గురువుగారూ! వాడికి ఎక్కువ, నాకు తక్కువ ఏమిటి? సమానంగా చూడలేనంటే చెప్పండి, నా పనిముట్ల పెట్టె తీసుకుని పోతాను."

మేస్త్రీ బయటికి చెయ్యి చూపించాడు. తిప్పితే తిరగనని మొండికేస్తోందంటూ ఒక రైతు వదిలివెళ్లిన ట్రాక్టరు వాకిట్లో ఉంది. "ఎక్కు. ఈ సిమెంటు గచ్చు మీద ఒక చుట్టు తిప్పు," అన్నాడు.

కోటిలింగం స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోబోయింది. వెనక టైర్లు కీచుమంటూ గచ్చు మీద నల్లగా అరిగాయి. దిగి చూస్తే సంగతి తెలిసింది: రెండు వెనక చక్రాల్నీ ఒకటిగా బిగించే లాక్ పెడల్ తొక్కింది తొక్కినట్టే ఇరుక్కుపోయింది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండింటినీ సమానంగా తిరగమంటే ఎలా కుదురుతుంది? పెడల్ విడిపించాక బండి బుద్ధిగా తిరిగింది.

"నువ్వడిగిన సమానం చూశావుగా," అన్నాడు మేస్త్రీ. "ఇప్పుడు అటు పోనీ."

అటంటే బండ్లు కడిగే చోటు. ఎడమ వెనక చక్రం బురదలో దిగడమే తడవు, గిర్రున తిరుగుతూ బురదంతా చిమ్మింది. గట్టినేల మీదున్న కుడి చక్రం ఉలకలేదు పలకలేదు. కోటిలింగం లాక్ తొక్కాడు. రెండూ కలిసి తిరిగాయి, బండి బయటపడింది.

"పెడల్ తొక్కే పని లేకుండా, ఒకటి జారితే రెండోదానికి తనంతట తానే బలం పంచే డిఫరెన్షియల్ కూడా ఉందిరా," అన్నాడు మేస్త్రీ. "కొన్ని జీపులకి పెడతారు. మనుషుల్లోనే నాకింకా కనపడలేదు." చేతులు తుడుచుకుంటూ, "మధ్యాహ్నం లారీ వస్తుంది. దాని క్రౌన్ నువ్వు విప్పు. నేను పక్కనే ఉంటాను," అన్నాడు.

పదకొండేళ్లుగా ఎదురుచూసిన మాట! అది చెవిన పడగానే కోటిలింగం ఏం చేశాడనుకున్నారు? గభాల్న మెడ తిప్పి, మస్తాన్ మొహం మాడిందో లేదో చూశాడు. మస్తాన్ ఇదేమీ పట్టనట్టు అవతల ఏదో బోల్టు బిగించుకుంటున్నాడు.

మేస్త్రీ కనిపెట్టేశాడు.

"ఇంజిను బలానికేం లోటు లేదురా కోటీ," అన్నాడు. "అదంతా జారే వైపుకే పోతోంది."