నాలుగోసారి చూపే వేలు

జపాన్ దేశంలో, మంచు విపరీతంగా కురిసే పడమటి కొండల అంచున యుకినోబె అనే చిన్న పట్టణం ఉంది. ఆ పట్టణపు రైల్వే స్టేషన్‌కు గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. రెండు ప్లాట్‌ఫారాలు, వాటిని కలుపుతూ ఒక చెక్క వంతెన, ప్రయాణికులు చలి కాచుకునే గది, అంతే. అయినా దీన్ని నేను క్షేత్రమనే అంటాను. కాదనేవారు ఒక్కసారి ఉదయం ఏడుంబావు బండికి వెళ్ళి చూసి, ఆ తర్వాత నాతో వాదానికి రావచ్చు.

రెండో ప్లాట్‌ఫారం మీద, వంతెన మెట్లు దిగేచోట, మోకాలెత్తు రాతి విగ్రహం ఒకటి ఉంది. బాటసారులనూ పసిపిల్లలనూ కాచే జిజో స్వామి అది. మెడలో ఎర్రగుడ్డ, తలమీద స్టేషన్ మాస్టారి టోపీ. మిగతా చోట్ల ఈ స్వామి చేతిలో కర్ర ఉంటుంది. ఇక్కడ కర్ర లేదు, కుడిచెయ్యి మెట్లవైపు చాచి ఉంటుంది. కర్ర విరిగిపోయిందని కొందరు, శిల్పి అలాగే చెక్కాడని కొందరు వాదించుకుంటారు. వాళ్ళ ఓపిక వాళ్ళది. మొక్కేవారికి కావలసింది ఆ చెయ్యి ఎటు చూపిస్తోందన్నదే.

జపాన్ రైల్వేలో ఒక పద్ధతి ఉంది. పనివాళ్ళు తాము చూసినదాన్ని వేలితో చూపించి, పైకి పలకాలి. అలా చేస్తే కన్ను ఏమరదని వారి నమ్మకం. ఈ స్టేషన్ మాస్టారు బండి కదిలేముందు సిగ్నల్‌ను చూపి "సరే" అంటారు, గడియారాన్ని చూపి "సరే" అంటారు, తలుపులను చూపి "సరే" అంటారు. ఆ తర్వాత నాలుగోసారి మెట్లవైపు వేలు చాస్తారు. ఆ నాలుగోది ఎలా వచ్చిందో చెప్పేదే ఈ స్థల పురాణం.

పూర్వం ఇక్కడ, పొగబండ్ల రోజుల్లో, ఇసొగాయ్ అనే స్టేషన్ మాస్టారు ఉండేవాడు. పందొమ్మిదేళ్ళలో ఆయన చేతిమీదుగా ఒక్క బండీ ఆలస్యంగా కదల్లేదు. ఊళ్ళోవాళ్ళు ఆయన ఈల విని గోడగడియారాలు సరిచేసుకునేవారు. ఆ కీర్తి ఆయన తలకెక్కిందని చెప్పడానికి నాకు మనసొప్పదు గానీ, ఎక్కింది.

ఒక చలికాలపు ఉదయం, బండి దాటవలసిన కొండ కనుమ మీద మబ్బు కమ్మింది. మంచు ముదిరితే ఆ రోజుకిక బండ్లు నడవవు. ఏడుంబావు బండి వచ్చి నిలిచింది. ఇసొగాయ్ సిగ్నల్‌ను చూపి "సరే" అన్నాడు. గడియారాన్ని చూపాడు. ఇంకా నలభై సెకన్లు ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద ఎవరూ లేరు. కాస్త ముందే వదిలితే కనుమలో ఆలస్యం కాదు, తన పేరు నిలుస్తుంది. "సరే" అనేశాడు. కన్ను చూసింది ఒకటి, నోరు పలికింది ఒకటి. ఈల మోగింది, బండి కదిలింది.

అప్పుడు వంతెన మెట్లమీద సెత్సు అనే ఆవిడ ఉంది. పట్టుమిల్లులో దారం తీసి బతికే మనిషి. ఆమెకు ఐదేళ్ళప్పుడు, కరువుకాలంలో, కన్నతల్లి ఆమెను ఈ ఊరివారికి పెంపకానికి ఇచ్చి కనుమ అవతలికి వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత, ఆ ముందురోజు కబురు వచ్చింది. తల్లి మంచం పట్టిందని, పోయేలోగా ఒక్కసారి కూతుర్ని దగ్గరికి తీసుకోవాలని అడుగుతోందని. "ఆపండయ్యా, ఆపండి!" అని సెత్సు పెట్టిన కేక ఇంజన్ కూతలో కలిసిపోయింది.

కిందికి వచ్చాక ఆమె తిట్టలేదు. "నేను ఆలస్యంగా వచ్చానా, స్టేషన్ మాస్టారూ?" అని అడిగింది.

ఇసొగాయ్ గడియారం చూశాడు. సరిగ్గా అప్పుడు ఏడుంబావు అయింది.

"లేదమ్మా. మీరు వేళకే వచ్చారు. బండి ముందు వెళ్ళింది. తప్పు నాది."

"అయితే నడిచే వెళతాను. దారి చెప్పండి, చాలు."

"పద్దెనిమిది కిలోమీటర్లు. ఈ మంచులో నడవలేరు. ఒక్క క్షణం ఉండండి."

ఆయన టెలిఫోన్ చేసి, బండి కనుమ దాటాక లైను ఖాళీగా ఉంచమని అవతలివారిని బతిమాలాడు. స్టేషన్‌ను టికెట్ల గుమాస్తాకు అప్పగించాడు. షెడ్డులోని చేతి ట్రాలీని పట్టాలమీదికి తోశాడు. దానికి ఒక పొడుగాటి పిడి ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దాన్ని పైకీ కిందికీ ఆడిస్తే ట్రాలీ నడుస్తుంది. రెండో సొరంగం దాటేసరికి మంచు మొదలైంది. మిల్లులో రోజూ వేడినీళ్ళలో నాని మెత్తబడిన సెత్సు చేతులు బొబ్బలెక్కి చితికాయి. కూర్చోమని ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆమె పిడి వదల్లేదు.

తల్లి బతికే ఉంది. చూపు మాత్రం పోయింది. కూతురి అరచేతులు తడిమి, "ఇవేం పుండ్లే తల్లీ?" అంది.

"నీ దగ్గరికి రావడానికి తొందరపడ్డానమ్మా."

"నా పిలుపు నీదాకా రాదేమోననుకున్నానే," అంది తల్లి.

గుమ్మం బయట నిలబడ్డ ఇసొగాయ్ ఆ మాట విని, టోపీ తీసి, మంచులోనే మోకరిల్లాడు. ఆ సాయంత్రం తల్లి కూతురి ఒళ్ళోనే కన్నుమూసింది.

ఇసొగాయ్ తిరిగివచ్చి తన తప్పు తానే పై అధికారులకు రాసి పంపాడు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాడు. జవాబు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కుంపటి పక్కన కునుకుపట్టింది. కలలో బోడిగుండు సన్యాసి ఒకాయన వచ్చి, "ఇసొగాయ్, సిగ్నల్ దీపానికి వేలు చూపిస్తావు, గడియారానికి చూపిస్తావు, తలుపుకి చూపిస్తావు. వీటిలో ఏదైనా ఏనాడైనా బండి అందుకోలేకపోయిందా?" అని అడిగాడు. ఉలిక్కిపడి లేచిన ఇసొగాయ్ తిన్నగా మెట్లదగ్గరికి వెళ్ళి, అక్కడ పేరుకున్న మంచును పారతో తీయసాగాడు. పార రాతికి తగిలింది. తీసి చూస్తే జిజో స్వామి, కలలో చూసిన ముఖమే, చెయ్యి మెట్లవైపే ఉంది. ఆయన తన టోపీ తీసి స్వామికి పెట్టాడు.

అధికారులు ఆయన్ని మందలించి వదిలేశారు. ఆయన ఒక్కటే కోరాడు. తాను కాజేసిన నలభై సెకన్లు ఆ బండికి టైంటేబుల్‌లోనే కలపాలని. కలిపారు. రైల్వేవారు సెకన్లు దానం చేయడం నేను మరెక్కడా వినలేదు, అందుకే వారికి నా నమస్కారం.

అక్కడి బౌద్ధుల ఆచారం ప్రకారం తల్లికి నలభై తొమ్మిదోనాటి కర్మ చేయడానికి సెత్సు మళ్ళీ అదే బండికి వచ్చింది. ఆమె ఇంకా వంతెనమీదే ఉంది. కింద ఇసొగాయ్ సిగ్నల్ చూపాడు, గడియారం చూపాడు, తలుపులు చూపాడు. తర్వాత మెట్లవైపు తిరిగి, వేలు చాచి, స్టేషనంతా దద్దరిల్లేలా "ఉన్నారు!" అని కేకవేశాడు. సెత్సు మెట్ల మధ్యలో ఆగిపోయి, బొబ్బల మచ్చలు ఇంకా పోని చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చేసింది. "నెమ్మదిగా దిగండమ్మా, బండి ఉంది," అన్నాడాయన.

నేటికీ ఏడుంబావు బండికి ఆ నలభై సెకన్లు అలాగే ఉన్నాయి. మాస్టారుతోపాటు ప్రయాణికులూ మెట్లవైపు వేళ్ళు చాస్తారు. ఎవరూ లేకపోతే "సరే" అంటారు. ఎవరైనా కనిపిస్తే "ఉన్నారు!" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. ఈ స్వామికి తమ బండి తమకు అందాలని ఎవరూ మొక్కరు. వెనక వస్తున్నవారికి అందాలని మొక్కుతారు. అలా మొక్కినవారి పిలుపు, ఎంత దూరానున్నా, వినవలసినవారికి వినబడుతుందని ఇక్కడివారు చెబుతారు.

నేను మొదటిసారి వెళ్ళిన ఉదయం, బరువైన పెట్టెతో, రొప్పుతూ, ఆ మెట్లమీద అందరికన్నా చివర ఉన్నది నేనే. ఆ ఊళ్ళో నా పేరు తెలిసినవారు ఒక్కరూ లేరు. "ఉన్నారు!" అన్నారందరూ.